గంట మోగలేదంటే దొంగ రాలేదనేనా?

పిల్లలూ! మొదట ఒక చిన్న ప్రశ్న. దొంగల భయానికి మీ ఇంటి తలుపుకి ఒక విద్యుత్ గంట అమర్చారనుకోండి. ఎవరైనా తలుపు తెరిస్తే అది గణగణ మోగాలి. రాత్రంతా అది మోగలేదు. పొద్దున్నే లేచి మీరేమనుకుంటారు? "హమ్మయ్య, దొంగ రాలేదు" అనుకుంటారు, కదూ?

ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అది ఎంత పొరపాటో మా ఇంట్లో ఒక రాత్రి తెలిసివచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు మళ్లీ మా ఇంటికి కొత్త అలారం పెట్టించవలసి వచ్చింది. తీగలతో పనిచేసేది పెట్టించాలా, తీగలు లేకుండా రేడియో తరంగాలతో పనిచేసే వైర్‌లెస్ అలారం పెట్టించాలా అని ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఆ చర్చలో మీ సైన్సు పాఠాలు చాలా పనికొచ్చాయి. అందుకే ఆ సంగతంతా మీకు చెబుతున్నాను.

నాన్న కట్టిన గంట

మా ఇల్లు సికింద్రాబాదులో, సీతాఫల్‌మండిలో ఉంది. మా నాన్న రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌గా పనిచేసేవారు. నా చిన్నప్పుడు ఆయన స్వయంగా ఇంటికి ఒక దొంగల గంట కట్టారు. సన్నని తీగ ఒకటి వీధి తలుపు, వంటింటి తలుపు, సామాన్ల గది కిటికీ అన్నీ చుట్టి మళ్లీ బయలుదేరిన చోటికే వచ్చేది. ప్రతి తలుపు దగ్గరా ఒక చిన్న స్విచ్చి. తలుపు మూసి ఉన్నంతసేపూ స్విచ్చి కలిసి ఉంటుంది, తీగలో విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది. ఆ ప్రవాహం రిలే అనే ఒక చిన్న విద్యుదయస్కాంతాన్ని పనిచేయిస్తుంది. అయస్కాంతం ఒక ఇనుప రేకును పట్టి లాగి ఉంచుతుంది. తలుపు తెరవగానే ప్రవాహం ఆగుతుంది, అయస్కాంతం రేకును వదిలేస్తుంది. ఆ రేకు వెనక్కి వచ్చి, వేరే బ్యాటరీ మీద నడిచే గంటకు కనెక్షను ఇస్తుంది. గంట మోగుతుంది.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. నెలకు నాలుగు పెద్ద టార్చిలైటు సెల్లులు కావాలి. పైగా వానాకాలంలో తలుపు ఉబ్బి స్విచ్చి సరిగా కలవకపోతే, అర్ధరాత్రి ఊరికే గంట మోగి వీధి వీధంతా లేచేది.

1994లో నేను బి.ఎడ్. పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరాను. విద్యుత్తు గురించి పిల్లలకు చెప్పేవాణ్ణి, నాకంటే తెలిసినవాడెవడని లోపల కొంచెం గర్వం. అమ్మా నాన్నా కాజీపేటలో మా అక్క ఇంటికి వెళ్లిన వారంలో ఆ గంటను "బాగుచేశాను". స్విచ్చీలను తిప్పి పెట్టాను. తలుపు మూసి ఉంటే తీగలో ప్రవాహం లేదు, తెరిస్తేనే వలయం పూర్తయి గంట మోగుతుంది. రిలే అక్కర్లేదు, సెల్లులు ఏడాది దాకా మార్చనక్కర్లేదు, ఊరికే మోగడమూ లేదు! తలుపు తీసి చూశాను. ఠంగుమని మోగింది. నాన్న తిరిగి వచ్చాక గొప్పగా చూపించాను. ఆయన ఒక్క నిమిషం చూసి, "ఏమోరా, నాకైతే నచ్చలేదు" అని ఊరుకున్నారు.

మూడు నెలల తర్వాత ఒక రాత్రి వంటింటి తలుపు గుండా దొంగ లోపలికి వచ్చాడు. మేమంతా ఇంట్లోనే నిద్రపోతున్నాం. గంట మోగలేదు. ఇత్తడి బిందెలు, నా సైకిలు, దేవుడి గూట్లో అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న వెండి కుందులు పోయాయి. తెల్లవారాక నాన్న టార్చిలైటు పట్టుకుని తీగ వెంబడి చూసుకుంటూ వెళ్లారు. సామాన్ల గదిలో బియ్యం డబ్బా వెనక తీగ తెగి ఉంది. దాని మీద ఎలుక పళ్ల గాట్లు ఉన్నాయి. ఆయన నన్ను తిట్టలేదు. ఒక్క మాటే అన్నారు:

"దొంగ వచ్చింది నిన్న రాత్రి. మన గంట చచ్చిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికి తెలుసురా?"

ఆ రోజు నుంచి అమ్మ మట్టి ప్రమిదలో దీపం పెట్టడం మొదలుపెట్టింది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

మౌనానికి రెండు అర్థాలు

నా పొరపాటేమిటో గమనించారా? నేను మార్చిన గంట మోగకుండా ఉందంటే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, తలుపులన్నీ భద్రంగా ఉన్నాయి. రెండు, గంటే చెడిపోయింది. ఈ రెంటికీ తేడా తెలిసే దారి లేదు. నాన్న గంటలో అలా కాదు. తలుపు తెరిచినా, తీగ తెగినా, దొంగ కత్తిరించినా, తీగకు కరెంటిచ్చే సెల్లులు అయిపోయినా ప్రవాహం ఆగి గంట మోగి తీరుతుంది. అందులో మౌనానికి సాధారణంగా ఒకటే అర్థం: అంతా బాగుంది.

ఈ పొరపాటు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. దొంగల కోసం విద్యుత్ గంటకు అమెరికాలో 1853లో పేటెంటు తీసుకున్న ఆగస్టస్ పోప్ పద్ధతి కూడా ఇలాంటిదే. తలుపు తెరిస్తే వలయం పూర్తయి గంట మోగేది. పోప్ చేసిన మంచి ఏర్పాటు మరొకటి ఉంది. దొంగ గబుక్కున తలుపు మూసేసినా గంట ఆగేది కాదు. ఆయన హక్కులను కొన్న ఎడ్విన్ హోమ్స్ 1858లో బోస్టన్ నగరంలో ఈ గంటలు అమ్మడం మొదలుపెట్టాడు.

సరిగ్గా ఇదే ప్రశ్న రైళ్ల విషయంలోనూ వచ్చింది. పట్టాల మీద రైలు ఉన్నదీ లేనిదీ స్టేషనులో కూర్చునే తెలుసుకోవడం ఎలా? విలియం రాబిన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1870 ప్రాంతంలో మొదట తెరిచిన వలయంతోనే ప్రయత్నించాడు. తీగ తెగితే, రైలు ఉన్నా లేనట్టే కనిపించే ప్రమాదం ఉందని గ్రహించాడు. 1872లో మూసిన వలయం పద్ధతికి పేటెంటు పొందాడు. దానినే ట్రాక్ సర్క్యూట్ అంటారు.

దాని పద్ధతి ఇది. రెండు పట్టాల గుండా చిన్న బ్యాటరీ నుంచి ప్రవాహం వెళ్లి అవతలి కొసన ఉన్న రిలేను పట్టి ఉంచుతుంది. రైలు రాగానే దాని ఉక్కు చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. ప్రవాహం రిలే దాకా పోకుండా ఇరుసు గుండానే తిరిగి వెళ్లిపోతుంది. రిలే వదిలేస్తుంది, సిగ్నల్ ఎర్రగా మారుతుంది. తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా కూడా సిగ్నల్ ఎర్రగానే మారుతుంది. అంటే, యంత్రం చెడిపోతే అది ప్రమాదం వైపు కాక జాగ్రత్త వైపు చెడిపోతుందన్నమాట. మా నాన్న ఉద్యోగమంతా ఈ సూత్రం మీదే నడిచింది. ఇంటి గంటను కూడా ఆయన రైలు పట్టాల లాగే కట్టారు. నేను దాన్ని విప్పేశాను.

(పట్టాల దగ్గరికి వెళ్లి చూడాలని మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. అది ప్రాణాపాయం, నేరం కూడా.)

మీరే చేసి చూడండి

మూసిన వలయం గంటను మీరు ఇంట్లోనే చేయవచ్చు. గోడలోని ప్లగ్గు జోలికి అసలు పోవద్దు. 9 వోల్టుల చిన్న బ్యాటరీ, ఒక బి.సి. 547 ట్రాన్సిస్టర్, 47 కిలో ఓమ్‌ల నిరోధకం, 9 వోల్టులతో పనిచేసే చిన్న బజ్జరు, కొంచెం సన్నని రాగి తీగ చాలు.

ట్రాన్సిస్టర్ చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమ కాలు కలెక్టర్, మధ్యది బేస్, కుడిది ఎమిటర్. బ్యాటరీ ధన ధ్రువాన్ని బజ్జరు ధన తీగకు, బజ్జరు రుణ తీగను కలెక్టర్‌కు, ఎమిటర్‌ను బ్యాటరీ రుణ ధ్రువానికి కలపండి. నిరోధకాన్ని ధన ధ్రువానికీ బేస్‌కూ మధ్య పెట్టండి. చివరగా సన్నని తీగను బేస్ నుంచి బయలుదేరదీసి మీ బీరువా చుట్టూ తిప్పి ఎమిటర్‌కు తెచ్చి కలపండి.

తీగ ఉన్నంతసేపూ నిరోధకం గుండా వచ్చిన ప్రవాహం బేస్‌లోకి పోదు, తేలికైన దారి కనుక తీగ గుండా పోతుంది. బజ్జరు మౌనంగా ఉంటుంది. తీగను తెంపండి! ప్రవాహానికి బేస్ తప్ప వేరే దారి లేదు. ట్రాన్సిస్టర్ తెరుచుకుంటుంది, బజ్జరు అరుస్తుంది.

ఖర్చు ఎంతో లెక్కవేద్దామా? ఓమ్ సూత్రం ప్రకారం 9 వోల్టులను 47,000 ఓమ్‌లతో భాగిస్తే సుమారు 0.19 మిల్లీ ఆంపియర్ వస్తుంది. బ్యాటరీలో 400 మిల్లీ ఆంపియర్-గంటల శక్తి ఉందనుకుంటే 2,000 గంటలకు పైగా, అంటే దాదాపు మూడు నెలలు వస్తుంది. నాన్న కాలంలో నెలకు నాలుగు పెద్ద సెల్లులు తిన్న పనిని ఈ చిన్న ట్రాన్సిస్టర్ ఇంత చౌకగా చేస్తోంది, చూశారా?

రెండు తీగలు, నాలుగు మాటలు

ఇక్కడ మీలో ఒక తెలివైనవాడు లేచి, "సార్! దొంగ తీగను తెంపకుండా, ముందే తలుపు దగ్గర రెండు తీగలనూ కలిపేస్తేనో?" అని అడుగుతాడు. మంచి ప్రశ్న. అప్పుడు తలుపు తెరిచినా వలయం తెగదు, గంట మోగదు.

దానికీ ఉపాయం ఉంది. తలుపు దగ్గర రెండు నిరోధకాలు పెడతారు. ఒక్కొక్కటి 1,000 ఓమ్‌లు అనుకుందాం. ఒకటి స్విచ్చితో శ్రేణిలో, రెండోది స్విచ్చికి సమాంతరంగా ఉంటాయి. తలుపు మూసి ఉంటే స్విచ్చి రెండో నిరోధకాన్ని దాటవేస్తుంది కనుక పెట్టెకు 1,000 ఓమ్‌లు కనిపిస్తాయి. తలుపు తెరిస్తే రెండూ కలిసి 2,000 అవుతాయి. తీగ తెగితే నిరోధం అనంతం. తీగలు కలిపేస్తే దాదాపు సున్నా. ఒకే జత తీగలు నాలుగు వేర్వేరు మాటలు చెబుతున్నాయి: "క్షేమం", "తలుపు తెరిచారు", "తీగ తెగింది", "ఎవరో మోసం చేస్తున్నారు".

ఇందులో ఇంకో లాభం ఉంది. ఎలుక కొరికితే వీధినంతా లేపకుండా పెట్టె దగ్గర చిన్నగా కీచుమనిపించి, తలుపు తెరిస్తే మాత్రం పెద్ద సైరన్ మోగించవచ్చు. ఊరికే మోగే గంటను జనం విసుగెత్తి ఆపేస్తారు. ఆపేసిన గంట లేనట్టే కదా!

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఈ నిరోధకాలు తలుపు దగ్గరే ఉండాలి. కొందరు పనివాళ్లు సులువుగా ఉంటుందని వాటిని లోపలి పెట్టెలోనే బిగించేస్తారు. అప్పుడు బయట తీగలను కలిపేసినా పెట్టెకు నిరోధకం కనిపిస్తూనే ఉంటుంది. అది కాపలావాణ్ణి గేటు దగ్గర కాకుండా పడకగదిలో కూర్చోబెట్టడం లాంటిది.

తీగ లేకుండా కబురెలా?

ఇక వైర్‌లెస్ సంగతి. తలుపు తెరిచినట్లు కనిపెట్టేది రెండు పద్ధతుల్లోనూ సాధారణంగా ఒకటే. అదే రీడ్ స్విచ్చి. గాజు గొట్టంలో రెండు సన్నని ఇనుప రేకులుంటాయి. తలుపుకి బిగించిన అయస్కాంతం దగ్గరగా ఉంటే రేకులు కలుస్తాయి, దూరమైతే విడిపోతాయి. బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ 1936లో దీన్ని కనిపెట్టాడు. తేడా అంతా ఆ కబురు లోపలి పెట్టెకు చేరే దారిలోనే ఉంది.

వైర్‌లెస్ సెన్సర్‌లో ఒక బటన్ సెల్లు, చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంటాయి. చాలా సెన్సర్లు 433 మెగాహెర్ట్జ్ దగ్గరి పౌనఃపున్యంలో పనిచేస్తాయి. కాంతి వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. దాన్ని 43.3 కోట్లతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 69 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 17 సెంటీమీటర్ల తీగ ఉంటే మంచి ఏంటెనా అవుతుంది. ఈ తరంగాలు ఇటుక గోడలను దాటగలవు. కాంక్రీటులోని ఇనుప కడ్డీలు, ఉక్కు బీరువాలు, నీళ్ల ట్యాంకులు అడ్డువస్తే బలహీనపడతాయి.

వీటి బలం ఏమిటంటే గోడలు పగలగొట్టనక్కర్లేదు. ఒక పూటలో బిగించుకోవచ్చు. అద్దె ఇల్లు మారితే విప్పి తీసుకుపోవచ్చు. పొడవైన తీగ ఆరుబయట వెళుతుంటే పిడుగు పడ్డప్పుడు దాని గుండా పెద్ద విద్యుత్తు దూకి పెట్టెను మాడ్చే ప్రమాదం ఉంది. వైర్‌లెస్‌లో ఆ తీగే ఉండదు.

మరి మా నాన్న ప్రశ్న ఇక్కడ వేయండి. సెన్సర్‌లో సెల్లు అయిపోతే పెట్టెకు ఎలా తెలుస్తుంది?

హాజరు పిలుపు

విహారయాత్రలో మిమ్మల్నందరినీ చేతులు పట్టుకుని వలయంగా నిలబెట్టాననుకోండి. ఎవరైనా చెయ్యి వదిలితే ఆ క్షణంలోనే తెలుస్తుంది. తీగ పద్ధతి ఇదే. మైదానంలో విడివిడిగా ఆడుకుంటున్నప్పుడు ఏం చేస్తాను? గంటకొకసారి హాజరు పిలుస్తాను. "ప్రెజెంట్ సార్" అనని వాడు ఏమయ్యాడో వెతుకుతాను. మంచి వైర్‌లెస్ అలారం చేసేది అదే. ఏ తలుపూ తెరవకపోయినా ప్రతి సెన్సరూ కొంత కాలానికొకసారి "నేను బతికే ఉన్నాను" అని కబురు పంపుతుంది. రెండు మూడు సార్లు కబురు రాకపోతే పెట్టె మనల్ని హెచ్చరిస్తుంది.

మరి నిమిషానికొకసారి పిలవకూడదా? లెక్క చూద్దాం. బటన్ సెల్లులో 220 మిల్లీ ఆంపియర్-గంటలు ఉన్నాయనుకుందాం. నిద్రపోతున్న సెన్సర్ 0.005 మిల్లీ ఆంపియర్ వాడుకుంటుంది, కబురు పంపేటప్పుడు 20 మిల్లీ ఆంపియర్లు సెకనులో పదో వంతు సేపు వాడుకుంటుంది అనుకోండి. గంటకొక కబురైతే రోజుకు మొత్తం 0.13 మిల్లీ ఆంపియర్-గంటలు, సెల్లు నాలుగున్నరేళ్లు వస్తుంది. నిమిషానికొక కబురైతే రోజుకు 0.92. సెల్లు ఎనిమిది నెలలకే అయిపోతుంది! అందుకే తయారుచేసేవాళ్లు పిలుపుల మధ్య ఎడం పెంచుతారు. గంటకొక పిలుపు, మూడు తప్పితే హెచ్చరిక అనుకుంటే, సెన్సర్ చచ్చిపోయిన మూడు గంటల దాకా మనకు తెలియకపోవచ్చు. తీగలోనైతే ఆ క్షణమే తెలుస్తుంది. వైర్‌లెస్ సౌకర్యానికి మనం చెల్లించే వెల ఇదే.

ఇంకా రెండు చిక్కులున్నాయి. తరగతిలో అందరూ కేకలు పెడుతుంటే "ప్రెజెంట్ సార్" వినపడదు కదా? అదే పౌనఃపున్యంలో బలమైన రొద ఉంటే పెట్టెకూ కబురు వినపడదు. మంచి పెట్టె "ఇక్కడ రొద ఎక్కువగా ఉంది" అని ఆ సంగతినే హెచ్చరికగా చెబుతుంది. రెండో చిక్కు మీకు బాగా తెలిసిందే: రానివాడి బదులు పక్కవాడు హాజరు పలకడం! ప్రతిసారీ ఒకే సంకేతం పంపే చౌకరకం సెన్సర్ మాటను ఎవరైనా పట్టి, దాచి, తిరిగి వినిపించగలరు. మంచి రకాల్లో సంకేతం ప్రతిసారీ మారిపోతుంది. నిన్నటి మాట ఈరోజు చెల్లదు.

రాణీగంజ్ దుకాణంలో

ఈ వేసవిలో నేనూ మా ఇంటావిడా పుణెలో మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండాలి. ఇల్లు తాళం వేసి వెళ్లాలి. "ఇప్పుడెవరు నాన్నా తీగలు లాగిస్తారు? వైర్‌లెస్ పెట్టించెయ్" అంది మా అమ్మాయి ఫోనులో. "పాత తీగే మంచిది" అంది మా ఇంటావిడ. సరేనని రాణీగంజ్‌లో ఒక దుకాణానికి వెళ్లాను.

దుకాణదారు రెండు వైర్‌లెస్ పెట్టెలు చూపించాడు. ఒకటి చౌక, రెండోది దాదాపు రెండింతల ధర. రెండింటిలోనూ తలుపు సెన్సర్‌ను అయస్కాంతం నుంచి జరపగానే సైరన్ అదిరిపోయేలా మోగింది. "చూశారా సార్, రెండూ ఒకటే! చౌకది తీసుకోండి" అన్నాడు.

"ఒక్క పరీక్ష చేస్తాను" అని రెండు సెన్సర్ల లోంచీ సెల్లులు తీసేసి, పెట్టెలను అలాగే ఉంచమన్నాను.

"ఎంతసేపు సార్?"

"రేపటిదాకా."

అతను నన్ను వింతగా చూశాడు. మర్నాడు వెళ్లేసరికి చౌక పెట్టె మీద పచ్చదీపం హాయిగా వెలుగుతోంది. దాని సెన్సర్ చచ్చిపోయిన సంగతే దానికి తెలియదు! రెండోదాన్ని చూపిస్తూ దుకాణదారు, "ఇదేంటి సార్, పొద్దున షాపు తెరిచేసరికి ఒకటే కీచుకీచు. పాడైపోయిందనుకున్నా" అన్నాడు.

"అది పాడవలేదు బాబూ, పనిచేస్తోంది. పాడైంది ఆ పచ్చదీపంది" అన్నాను.

ఆ పచ్చదీపాన్ని చూస్తుంటే 1994లో నేను కట్టిన గంటే నాకు కనిపించింది.

కవచం చెప్పే పాఠం

తీగా, రేడియోనా అన్న ప్రశ్న మా సీతాఫల్‌మండి ఇంటిది మాత్రమే కాదు. రైళ్లు ఒకదానినొకటి ఢీకొనకుండా ఆపడానికి మన దేశంలో తయారైన 'కవచ్' పద్ధతిలో ఇంజను, స్టేషను రేడియో ద్వారా మాట్లాడుకుంటాయి. పట్టాల మధ్య బిగించిన బిళ్లలు ఇంజనుకు అదెక్కడుందో చెబుతాయి. దీన్ని పరీక్షించి, పెంచి పెద్దచేసింది ఎక్కువగా మన దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజన్‌లో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఎదురెదురుగా ఇంజన్లను నడిపి చూశారు. కవచ్ బ్రేకులు వేసి 380 మీటర్ల దూరంలోనే ఆపేసింది. సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ సంస్థ కూడా 1957 నుంచి మన సికింద్రాబాదులోనే ఉంది.

గమనించవలసింది ఏమిటంటే, రేడియో వచ్చింది కదా అని పట్టాల మీది పాత ఏర్పాట్లను పీకి పారేయలేదు. రైలు ఎక్కడుందో కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్‌లు, ఇరుసులను లెక్కపెట్టే పరికరాలు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. ఏది ఎక్కడ నమ్మదగినదో అక్కడ దాన్ని వాడుతున్నారు.

చివరికి ఏం చేశాం?

మేమూ అదే చేశాం. కింది వాటాలో నాన్న వేసిన గొట్టాలు గోడల్లో ఇంకా ఉన్నాయి. వాటిలో కొత్త తీగలు లాగించి వీధి తలుపు, వంటింటి తలుపు, సామాన్ల గది కిటికీలకు మూసిన వలయం పెట్టించాం. నిరోధకాలు తలుపుల దగ్గరే బిగించేదాకా పనివాడి పక్కనే నిలబడ్డాను. తర్వాత కట్టుకున్న మేడ గదికీ డాబా తలుపుకీ గొట్టాలు లేవు. అక్కడ గోడలు పగలగొట్టకుండా హాజరు పలికే వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాం. రెండు రకాల కబుర్లూ వినగల పెట్టె ఒకటే. కరెంటు పోతే నడవడానికి 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంది.

మీరు కొత్త ఇల్లు కడుతుంటే ప్లాస్టరింగుకు ముందే గొట్టాలు వేయించమని పెద్దవాళ్లకు చెప్పండి, తీగ చౌకగా వస్తుంది. అద్దె ఇల్లయితే వైర్‌లెస్ మేలు. ఏది కొన్నా దుకాణంలో ఒక్క ప్రశ్న మాత్రం మరచిపోకండి. "దొంగ వస్తే మోగుతుందా?" అని అందరూ అడుగుతారు. మీరు "ఇది చచ్చిపోతే నాకెలా తెలుస్తుంది?" అని అడగండి. జవాబు మాటల్లో వద్దు, సెల్లు తీసి చూపించమనండి.

కొత్త అలారం పెట్టిన రోజు మా ఇంటావిడ దేవుడి గూట్లో దీపం పెడుతూ, "అత్తయ్య కుందులు ఉంటే బాగుండేది" అంది. ఆ ప్రమిద ఇప్పటికీ అక్కడే ఉంది. నెలకొకసారి, మొదటి ఆదివారం, నేను ప్రతి తలుపూ తెరిచి, ఒక్కొక్క తీగా విప్పి చూసి, పుస్తకంలో తేదీ రాసుకుంటున్నాను. నాన్న ఉంటే ఆ పుస్తకం చూసి సంతోషించేవారు.

మీకొక ప్రశ్న

పైన మీరు చేసిన ట్రాన్సిస్టర్ గంటలో తీగ తెగితే బజ్జరు మోగుతుంది. మరి బ్యాటరీయే అయిపోతే? మా నాన్న రిలే గంటలో తీగకు కరెంటిచ్చే సెల్లుల విషయంలో ఆ లోపం లేదు, ఎందుకో ఒకసారి వెనక్కి వెళ్లి చదవండి. మీ గంటలో ఆ లోపాన్ని సరిచేసే ఉపాయం ఆలోచించి, బొమ్మ గీసి మీ సైన్సు టీచరుకు చూపించండి.